సేద్యపు కుంటలో గాలము

మన చిక్కబళ్ళాపుర, బాగేపల్లి, చింతామణి సీమలకు జీవనది లేదు. ఉత్తర పినాకినియు, దక్షిణ పినాకినియు, చిత్రావతియు, పాపఘ్నియు నంది కొండల చుట్టుప్రక్కలనే పుట్టుచున్నను, పుట్టినచోట వానికి బలము చాలదు. వానకాలమున పాఱి, వేసవి వచ్చుసరికి ఇసుకయై మిగులును. అందుచేతనే పూర్వులు వాగువాగునకు కట్ట వేసి చెఱువులు నిలిపిరి. మన కాలమున వానికి తోడుగా మఱియొక చిన్న జలాశయము వచ్చినది. 2014వ సంవత్సరమున కర్ణాటక ప్రభుత్వము ‘కృషి భాగ్య’ పథకమును ఆరంభించిన పిమ్మట చేలలో చదరపు కుంటలు పెక్కు వెలసినవి. కన్నడమున వానిని ‘కృషి హొండ’ లందురు. ఇంట తెలుగు పలుకు మనవారును ‘హొండ’ యనియే వాడుచున్నారు. మేమీ వ్యాసమున కుంట యని వ్రాసెదము.

నీరు నిలిచినచోట రైతు చేపపిల్లలను వదలుట సహజము. చేప కనబడినచోటికి బాలురు పోవుట అంతకంటె సహజము. సెలవులలో వెదురుకోలయు, డబ్బాలో నాలుగు వానపాములును పట్టుకొని బయలుదేఱు పిల్లలను చూచి కొందఱు తల్లిదండ్రులు చదువు చెడునని కసరుదురు. కొందఱు ఇంట అల్లరి తప్పినదని ఊరకుందురు. ఈ రెండును మాకు సమ్మతములు గావు. కుంట చిన్నది, నలువైపుల మూసినది. ఏటిలో నొక చేపను తీసినయెడల దాని చోటికి వేఱొకటి యీదుకొని వచ్చును. కుంటలో నట్లు రాదు. అందు పట్టిన ప్రతి చేపయు, మరల విడిచిన ప్రతి చేపయు మిగిలినవాని బ్రతుకును మార్చును. కావున కుంటలో గాలము వేయువాడు, తెలిసియో తెలియకయో, ఆ కుంటను పాలించుచున్నవాడే. ఈ సంగతిని పిల్లలకెట్లు నేర్పవచ్చునో తల్లిదండ్రులకు మనవి చేయుట మా యుద్దేశము.

మొదట కొంచెము లెక్క. పథకపు కుంటలు పది మీటర్ల చదరము మొదలు ఇరువదియొక్క మీటర్ల చదరము వఱకు పలు కొలతలవి; లోతు మూడు మీటర్లు. పెద్దదానిని తీసికొందము. 21ని 21చే గుణింప నిండుకుంట పైభాగము 441 చదరపు మీటర్లు. ఎకరమునకు 40 గుంటలను మన లెక్కలో ఇది నాలుగు గుంటలకు కొంచెము మించును. నేలలోని గుంటకును, నేలను కొలుచు గుంటకును పేరొక్కటియే యగుట పిల్లలకు వినోదముగా నుండును. హెక్టారునకు 5,000 చేపపిల్లల చొప్పున వదలుట సామాన్యముగా చెప్పు పరిమితి. ఆ చొప్పున ఈ కుంటకు 220 చాలును. ఆఱవ తరగతి బాలుడు దీనిని కాగితముమీద తేల్చగలడు. కాని రైతు తఱుచు చవుకగా దొరికినవని వేయి పిల్లలను తెచ్చి వదలును. ఏడాది గడచినను చేప అఱచేతి పొడవు దాటదు. అప్పుడు విత్తనము మంచిది కాదనియో, మేత చాలలేదనియో అనుకొనును. భాగహారము చేసి చూచుకొనువారు తక్కువ.

ఇట్టి కుంటలను గూర్చి శ్రద్ధగా పరిశోధించినవారిలో అమెరికావారు ముఖ్యులు. 1930లు మొదలు ఆ దేశమున నేలకోతను ఆపుటకును, పశువుల నీటికొఱకును రైతులు విస్తారముగా కుంటలు త్రవ్విరి. అలబామా రాష్ట్రమున ఆబర్న్ నందలి కళాశాలలో హోమర్ స్వింగిల్ అను శాస్త్రజ్ఞుడు ఆ కుంటలలో చేపలనెట్లు పెంచవలెనో యేండ్ల తరబడి పరీక్షించెను. అచట రెండు జాతులు ముఖ్యము. ఒకటి బ్లూగిల్ అను చిన్న చేప. పురుగులను తిని, విస్తారముగా పిల్లలు పెట్టును. రెండవది బాస్, పెద్ద నోరు గల వేటచేప. బ్లూగిల్ ఒక్కటియే యున్న కుంట కొలదికాలములో వ్రేలెడు చేపలతో క్రిక్కిఱిసి, ఏదియు నెదుగక నిలిచిపోవును. తగినన్ని బాసులను చేర్చినచో అవి పిల్లలను తిని పలుచన చేయును. మిగిలిన బ్లూగిల్ బలియును, బాసును బలియును. దీనినే స్వింగిల్ సమతూకము గల కుంట యనెను.

ఇందొక చిక్కు కలదు. వినోదమునకు గాలము వేయువారెల్లరు బాసునే కోరుదురు. అది చిక్కినపుడు నీటిపైకెగిరి పెనగులాడును; ఆ పెనగులాటయే వారికి సంతోషము. చిక్కిన బాసునెల్ల ఇంటికి తీసికొనిపోయినచో రెండు మూడేండ్లలో కుంట మరల వ్రేలెడు చేపల పాలగును. అందుచేత అచటి రైతు తన కుంటకు వచ్చువారితో, బ్లూగిలును కోరినన్ని తీసికొనుడు, బాసును లెక్కించి తీసికొనుడు అని చెప్పును.

మన కుంటలకు బాస్ తెచ్చుకొనవలసిన పని లేదు. కోస్తా జిల్లాలవారు పండుగప్ప యను దానిని ఆంగ్లమున ‘సీ బాస్’ అందురు గాని, అది వేఱు జాతి. మంచినీటి చెఱువులలో పెరుగును. పిల్లలు పెట్టవలెనన్న ఉప్పునీరు కావలెను. కనుక మన సీమ కుంటలో అది తనంతట వృద్ధి కాదు. ఇచట బాస్ చేయు పనిని చేయగలది మన కొర్రమీను. తెలంగాణము దీనిని తన రాష్ట్రపు చేపగా నెంచుకొన్నది.

కొర్రమీను నడవడి తెలిసినవారికి అది కుంటలోని చేపలలో నెల్ల వింతైనది. పాము తల వంటి తల, ఉరుగుండ్రని ఒడలు. మొప్పలతో మాత్రమే బ్రతుకజాలదు; అప్పుడప్పుడు పైకి వచ్చి గాలిని మ్రింగి పోవును. నీరు ఇంకి బురద మిగిలినప్పుడు తక్కిన చేపలు చచ్చినను ఇది బురదలో ప్రాణము నిలుపుకొనును. వాన రాత్రులలో తడినేలపై ప్రాకి ప్రక్క కుంటకు పోవుటయు కలదు. రైతు కుంటచుట్టు జానెడెత్తు వలయైనను కట్టకున్న, వదలినవానిలో సగము పొరుగువాని భాగ్యమగును. కప్పలు, పురుగులు, చిన్న చేపలు దీని ఆహారము. వానకాలమున గడ్డిచాటున గ్రుడ్లు పెట్టి, తల్లియు తండ్రియు కాపలా కాయును. పిల్లలు ఎఱ్ఱని ముద్దవలె గుంపుగూడి నీటిపై తిరుగుచుండగా పెద్దచేప క్రిందనుండి వెంబడించుచుండును. ఆ ఎఱ్ఱని గుంపు కనబడిన స్థలమున గాలము వేయరాదు. కాపలా కాయు చేప దగ్గఱకు వచ్చిన దేనినైనను కఱచును, కావున సులభముగా చిక్కును. దానిని తీసినచో పిల్లలన్నియు రెండు దినములలో ఇతర చేపల పొట్టలోనికి పోవును. ఈ యొక్క నియమమును బాలురు చెప్పగానే గ్రహింతురు. వివరింపవలసిన పనియే యుండదు.

అమెరికా బ్లూగిలునకు దీటైనది మన కుంటలలో జిలేబి చేప. అసలు పేరు తిలాపియా. 1952లో లంకనుండి మన దేశమునకు తెచ్చిరి. తల్లి గ్రుడ్లను నోటిలో నుంచుకొని పొదుగుటచే పిల్లలు చాలవఱకు దక్కును. రెండు మూడు నెలల వయస్సుననే మరల పిల్లలు పెట్టును. ఎవరును వదలకున్నను, చెఱువునుండి నీరు తోడినపుడో, ఆడుకొనుటకై బాలుడు డబ్బాలో తెచ్చి విడిచినపుడో కుంటలో చేఱును. ఏడాది తిరుగుసరికి గాలము వేసిన ప్రతిసారియు మూడు వ్రేళ్ల జిలేబియే వచ్చును. అట్టి కుంటకు కొర్రమీను మందు. బాలుని గాలము రెండవ మందు. జిలేబిని పట్టినవాడు ఎంత చిన్నదైనను మరల నీటిలో విడువరాదు. అది చిన్నదని జాలిపడి విడుచుటచే మిగిలినవానికి మేత తఱుగును. కొర్రమీను విషయమున దీనికి విరుద్ధము: చిన్నదైన విడువవలెను, పెద్దదైనను నెలకొకటి రెండు మించి తీయరాదు.

కట్ల, రోహు, మృగాల జాతులను అమ్మకమునకు పెంచువారి పద్ధతి వేఱు. కట్లను మనవారు బొచ్చె యందురు. అది పైనీటిలోని సూక్ష్మజీవులను వడగట్టి తినును. రోహు నడుమ నీటిని, మృగాల అడుగును ఆశ్రయించును. మూడును మూడంతస్తులలో మేయుటచే ఒకదాని మేతను మఱియొకటి హరింపదు. ఇట్టి కుంటలో పిల్లలను వదలుటకు ముందే కొర్రమీనును తొలగింతురు; ఇప్పపిండి చల్లుట అందులకే. చేపపిల్లలు జానెడైన పిమ్మట చిన్న కొర్రమీనులను కొన్నింటిని చేర్చిన బాధ లేదు. నలుబదేండ్ల క్రిందట మన సీమ రైతునకు ఈ పిల్లలు దొరకుట అంత సులువుగా లేదు. ఈ జాతులు నిలుకడ నీటిలో గ్రుడ్లు పెట్టవు. కావున పూర్వము వరదలలో నదులనుండి పిల్లలను ఏఱి తేవలసియుండెను. 1957 జూలై 10వ తేదీన ఒరిస్సాలో హీరాలాల్ చౌధురి అను శాస్త్రజ్ఞుడు చేప పీయూషగ్రంథి సారమును సూదితో నెక్కించి గ్రుడ్లు పెట్టించెను. నేడు బాగేపల్లి చేనిలో కట్ల పెరుగుచున్నదన్న మూలము ఆ సూదియే. ఆ తేదీని మన దేశమున చేపరైతుల దినముగా జరుపుచున్నారు.

మఱియొక హెచ్చరిక ఇచటనే చెప్పవలెను. త్వరగా పెరుగునని ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పిల్లలను కొందఱు తెచ్చి యిత్తురు. దాని పెంపకమును ప్రభుత్వము 2000వ సంవత్సరమున నిషేధించినది. అది వానలో కుంట దాటి చెఱువునకు చేఱినచో అందలి మన జాతులను మిగుల్చదు.

ఇక ప్రాణము మాట. దీనిని గూర్చి మేము కొంచెము కఠినముగనే వ్రాయుదుము. మన ఎఱ్ఱనేల నీటిని నిలుపదు గనుక కుంటలోపల దట్టమైన ప్లాస్టిక్ పొర పఱతురు. నీరు తగిలి నాచు పట్టిన పిమ్మట ఆ పొర సబ్బువలె జాఱును. చెఱువునకు మెట్లవలె క్రమముగా లోతగు ఒడ్డు ఉండును, కుంటకు లేదు. కాలు జాఱిన బాలుడు మొదటి యడుగులోనే తలమునుక లోతునకు పోవును. ఈత వచ్చినవాడును ఆ జాఱుడు గోడను ప్రాకి పైకి రాలేడు. మన రాష్ట్రమున ఇట్టి కుంటలలో పిల్లలు పోయిన వార్తలు ఏటేట వచ్చుచునేయున్నవి. అన్నను రక్షింపబోయి తమ్ముడు, బిడ్డను రక్షింపబోయి తల్లి పోయిన వార్తలును అందున్నవి.

కావున చుట్టు కంచె లేని కుంటకు పిల్లలను పంపవలదు. పెద్దవారు వెంట లేనిదే కంచె గల కుంటకును పంపవలదు. కంచె నాటుటకు పథకముననే సహాయము చేర్చబడినది. కంచె లేని రైతును అడుగుట ఇరుగుపొరుగుల హక్కని మా తలంపు. ఒడ్డున గట్టి గుంజ పాతి, మూరకొక ముడి వేసిన మోకును నీటిలోనికి నాలుగువైపుల వ్రేలాడదీయవలెను. పాత ట్రాక్టరు ట్యూబునో, మూత బిగించిన ఖాళీ నూనె డబ్బానో త్రాటికి కట్టి సిద్ధముగా నుంచవలెను. ఎవడైనను పడినచో వెంట దూకక, మోకు గాని డబ్బా గాని విసరవలెనని పిల్లలచేత నోటితో చెప్పించి, ఒకసారి చేతితో చేయించియు చూడవలెను. నీరు మ్రింగినవానిని తలక్రిందులు చేసి త్రిప్పు పాత అలవాటు పనికిరాదు. దానివలన విలువైన కాలము పోవును. ఊపిరి లేకున్న నోటిలో ఊపిరి ఊదుచు, ఱొమ్మును లయగా నొక్కుచు, 108కి ఫోను చేయవలెను. గాలము వేయు బాలుడు ఒడ్డు అంచునుండి రెండు బారల దూరమున కూర్చుండవలెను. కోల పొడవుగా నుండుట యిందులకే యని చెప్పుడు.

అనుమతి లేక ఇతరుల కుంటలో గాలము వేయరాదన్నదియు ఇంటనే నేర్పదగినది. ఏటి చేప ఎవరిది కాదనుట ఒకవిధముగా నిజము. మూసిన సొంత కుంటలోని చేప రైతు స్వాధీనమున నున్న సొత్తు. చట్టమున దానిని తీయుట దొంగతనమే. ఊరి చెఱువు చేపలను గుత్తకు తీసికొన్నవారుందురు, వారినడుగవలెను. మందు కలిపియో, తూటా ప్రేల్చియో చేపలను చంపుట 1897 నాటి భారత మత్స్య చట్టము మొదలు నేరముగా నున్నది.

గాలపు విద్య మన కన్నడసీమకు క్రొత్త గాదు. కల్యాణి చాళుక్యుడగు మూడవ సోమేశ్వరుడు (1126–1138) సంస్కృతమున రచించిన ‘మానసోల్లాసము’న రాజవినోదములలో మత్స్యవినోదము నొకటిగా చేర్చి, త్రాడు, కోల, ముల్లు, ఎఱ మొదలగువానిని వర్ణించెను. సుందర్ లాల్ హోరా అను జంతుశాస్త్రజ్ఞుడు 1951లో ఆ భాగమును పరిశీలించి ప్రకటించెను. ఎనిమిదివందల యేండ్లకు పైబడినను పరికరములలో పెద్ద భేదము రాలేదు. వెదురుకోల, నైలాను దారము, నెమలియీక కాడతో చేసిన బెండు, చిన్న సీసపు గుండు, ముల్లు. ఇంతకుమించి డబ్బు పెట్టవలసిన పని బాలునకు లేదు. ముల్లు కొనయందుండు చిన్న కొక్కెమును పట్టకారుతో నొక్కివేయుట మేలు: విడువవలసిన చేప నోరు చిరుగదు, వ్రేలికి గ్రుచ్చుకొన్నను సులభముగా వచ్చును.

ఎఱ విషయమున మన సీమవారు భాగ్యవంతులు. రాగిసంగటి ముద్దలో కొంచెము వేరుసెనగ తెలికపిండి కలిపి గట్టిగా పిసికిన రోహునకు అంతకంటె ఇంపైనది లేదు. మృగాలకు వానపాము, దానిని అడుగునకు చేరనీయవలెను. జిలేబి దేనినైనను తినును. కట్ల మాత్రము గాలమునకు అంతగా లొంగదు. అది చిక్కలేదని బాలుడు చిన్నబోనక్కఱలేదు. కొర్రమీనునకు బ్రదికియున్న కప్పను గ్రుచ్చుట పాత వాడుక. మేము దానిని మెచ్చము. రబ్బరు కప్పలు అంగళ్లలో దొరకును, కొర్రమీను వానిని చక్కగా నమ్మును. గడ్డియంచున మెల్లగా లాగుచు పోవగా నీరు ఒక్కసారి పగులును. వెంటనే కోల నెత్తరాదు. మూడంకెలు లెక్కించి ఎత్తవలెను. ఆ మూడంకెలు లెక్కించుట నేర్చుకొనుటకు బాలునకు ఒక సెలవంతయు పట్టును.

వేళ విషయము ఇంచుక. చిక్కబళ్ళాపురము సముద్రమట్టమునకు దాదాపు 900 మీటర్ల ఎత్తున నున్నది. మార్గశిర పుష్య మాసములలో నీరు చల్లబడి చేప మేత తగ్గించును. అప్పుడు గాలము వేసి లాభము లేదు. వాన వెలిసిన సాయంకాలములు ఉత్తమము. మబ్బుపట్టిన తెల్లవాఱుజామున చేపలన్నియు పైకి వచ్చి నోళ్లు తెఱచుచున్నచో అది ఆకలి యని భ్రమపడరాదు. నీటిలో ప్రాణవాయువు తఱిగినది. గాలము ప్రక్కనబెట్టి రైతును లేపి, మోటారుతో నీటిని పైనుండి చిమ్మింపవలెను. నీరు మేత గలదో లేదో చూచుటకు పెద్దవారు మోకు పట్టుకొని మోచేతివఱకు చేయి ముంచి చూతురు. అఱచేయి కనబడకున్న నీరు మిక్కిలి చిక్కనైనది, పేడ వేయుట ఆపవలెను. మోచేయి దాటినను స్పష్టముగా కనబడిన నీటిలో సూక్ష్మజీవులు చాలవు, కొంచెము పచ్చిపేడ కలుపవలెను.

చేపను విడుచునప్పుడు చేతులు తడిపికొని పట్టవలెను. పొడిచేయి దాని మేని జిగురును తీసివేయును, ఆ పిమ్మట పుండ్లు పుట్టును. ఉంచుకొను చేపను ఒడ్డున గిలగిలలాడనీయక తలపై నొక్క దెబ్బతో ముగింపవలెను. బాలుడొక నోటుపుస్తకమున తేదీ, చేప పేరు, జానలలో పొడవు, ఉంచినదా విడిచినదా యని వ్రాసికొన్నచో నాలుగు నెలలలో ఆ రైతునకు తన కుంటను గూర్చి తెలియని సంగతులు తెలియును. వరుసగా పది చేపలు జిలేబియే యైన కొర్రమీను కావలెనని యర్థము. రోహు పొడవు రెండు నెలలు పెరుగకున్న చేపలెక్కువైనవని యర్థము. పేర్లను తెలుగున వ్రాయింపుడు. బొచ్చె, కొర్రమీను, జెల్ల, పరిగె, వాలుగ యను మాటలు పాఠ్యపుస్తకములలో దొరకవు. ఇంటివారు పలికిననే పిల్లలకు వచ్చును.

ఫాల్గుణము దాటిన పిమ్మట కుంట నీరు తోటకు పోయి దినదినము తఱుగును. మోకాలిలోతునకు వచ్చినపుడు గాలమునకు పని లేదు. ఆనాడు రైతు వల దింపి పెద్దచేపలను సంతకు పంపును; జిలేబిని నిశ్శేషముగా తీయించును; ఆఱేడు కొర్రమీనులను నీటితొట్టిలో వేసి, వానలు పడి కుంట నిండు వఱకు మేతపెట్టి కాపాడును. వానికి పేర్లు పెట్టు పని పిల్లలే చూచుకొందురు.